విమానం ఎందుకు కూలింది? - ఫ్రాన్సు విమాన ప్రమాదాలు, వాటి కారణాలు



వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసి పంపమని కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేశారు. ఏ విషయం మీద రాయమంటారు అని అడిగాను. వాళ్లలో వాళ్లు కాసేపు గొడవపడి, చివరికి పదో తరగతి తమ్ముడొకడు ఫోన్ అందుకొని, "అన్నా, అంత పెద్ద విమానం కూలిపోయి ముక్కలు ముక్కలైతే తప్పు ఎవరిదో ఎట్లా కనిపెడతారన్నా?" అన్నాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునే నాకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఆ తమ్ముడి ప్రశ్నను కొంచెం సరిదిద్దాలి. విమాన ప్రమాదాన్ని దర్యాప్తు చేసేవాళ్లు "తప్పు ఎవరిది?" అని మొదలుపెట్టరు, "ఏం జరిగింది? ఎందుకు జరిగింది?" అని మొదలుపెడతారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లోనే ఈ మాట ఉంది. దర్యాప్తు ఉద్దేశం మళ్లీ అలాంటి ప్రమాదం జరగకుండా చూడటమే తప్ప నింద మోపడం కాదు. శిక్షలు వేయడం కోర్టుల పని. ఈ రెండూ వేరు వేరు దారులు. ఫ్రాన్సులో ఈ దర్యాప్తులు చేసే సంస్థను బీఈఏ అంటారు. 1946 నుంచి పనిచేస్తోంది. దాని నివేదికలను ఎవరైనా చదువుకోవచ్చు. అందుకే నేను ఫ్రాన్సును ఎంచుకున్నాను. పైగా అక్కడ జరిగిన ప్రమాదాలు ఒక్కొక్కటి ఒక్కో రకం కారణాన్ని చూపిస్తాయి.

భాభా గారి విమానం

జీకే బిట్లలో మీరంతా చదివే ఉంటారు: మన అణుశక్తి కార్యక్రమానికి పితామహుడైన హోమీ భాభా 1966 జనవరి 24న విమాన ప్రమాదంలో మరణించారు. బిట్ అక్కడితో అయిపోతుంది. ఎక్కడ, ఎలా అనేది ఉండదు.

అది ఎయిర్ ఇండియా వారి బోయింగ్ 707. పేరు కాంచన్‌జంగ. బొంబాయి నుంచి ఢిల్లీ, బీరూట్ మీదుగా జెనీవాకు వెళ్లి అక్కడి నుంచి లండన్ పోవాలి. భాభా గారు వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి బయలుదేరారు. జెనీవాలో దిగడానికి ఎత్తు తగ్గించుకుంటూ వస్తూ, ఫ్రాన్సు వైపు ఆల్ప్స్ పర్వతాల్లో మౌంట్ బ్లాంక్ శిఖరానికి దగ్గరలో కొండను గుద్దుకుంది. ఆ శిఖరం ఎత్తు సుమారు 4,800 మీటర్లు. విమానంలోని 117 మందీ చనిపోయారు.

కారణం చూడండి. ఆ రోజుల్లో విమానం తాను ఎక్కడున్నదో నేల మీది రేడియో కేంద్రాల సంకేతాలతో తెలుసుకునేది. ఒక కేంద్రం సంకేతం అందితే "నువ్వు ఈ గీత మీద ఎక్కడో ఉన్నావు" అని మాత్రమే తెలుస్తుంది. రెండో కేంద్రం నుంచి ఇంకో గీత వస్తే, రెండు గీతలు ఖండించుకునే బిందువే మన స్థానం. రేఖాగణితంలో మీరు నేర్చుకున్నదే. ఈ విమానంలో అలాంటి రిసీవర్లు రెండు ఉండగా, ఒకటి పనిచేయడం లేదు. అది పాడయిందని బీరూట్‌లో బయలుదేరేటప్పటికే తెలుసు. కెప్టెన్ ఒక్కదానితో లెక్క వేసుకొని, తాను మౌంట్ బ్లాంక్ దాటిపోయానని అనుకున్నారు. నేల మీద రాడార్ చూస్తున్న అధికారికి ఆయన ఇంకా దాటలేదని కనిపించింది. ఆయన ఆ సంగతి రేడియోలో చెప్పారు కూడా. కాని చెప్పిన మాటల పొందిక స్పష్టంగా లేదు. పైలట్‌కు అది తన లెక్క సరైనదేనని చెప్పినట్లు వినిపించింది. ఎత్తు తగ్గిస్తూనే పోయారు.

దర్యాప్తు తేల్చింది ఇదే: పాడయిన ఒక రిసీవరు, తప్పిన ఒక అంచనా, సరిగా అర్థంకాని ఒక వాక్యం. భాభాను కుట్రచేసి చంపారని ఇప్పటికీ కథలు చెబుతారు. వాటికి ఆధారం ఇంతవరకు ఎవరూ చూపలేదు. నాకు మాత్రం ఆ కథలకంటే ఆ ఒక్క వాక్యమే ఎక్కువ భయం కలిగిస్తుంది.

విచిత్రం ఏమంటే 1950 నవంబర్ 3న ఎయిర్ ఇండియా వారిదే మలబార్ ప్రిన్సెస్ అనే ఇంకో విమానం ఇదే పర్వతం మీద కూలి 48 మంది పోయారు. ఆ శకలాలను పర్వతం మీది హిమానీనదం మెల్లగా కిందికి మోసుకొస్తూ ఉంటుంది. 2012లో 1966 నాటి మన దౌత్య తపాలా సంచి దొరికింది. 2020లో ఇందిరాగాంధీ ప్రధానమంత్రి అయిన వార్తలతో ఆనాటి మన దినపత్రికలు, ఇంకా చదవడానికి వీలుగానే, మంచులోంచి బయటపడ్డాయి.

సామాన్ల తలుపు

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం పెద్ద కథ. నేను ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నది నిజానికి దీనికోసమే.

1974 మార్చి 3, ఆదివారం. టర్కీ దేశపు విమాన సంస్థకు చెందిన డీసీ-10 విమానం ఇస్తాంబుల్ నుంచి పారిస్ వచ్చి, లండన్‌కు బయలుదేరింది. బ్రిటిష్ విమాన సంస్థ ఒకదాని సిబ్బంది సమ్మె వల్ల ఆ రోజు చాలామంది ఇతర ప్రయాణికులు ఇందులోకి మారారు. విమానం దాదాపు నిండిపోయింది. బయలుదేరిన పది నిమిషాల లోపే, సుమారు 12,000 అడుగుల ఎత్తులో, వెనకవైపు సామాన్ల అర తలుపు ఊడి ఎగిరిపోయింది. ఆరుగురు ప్రయాణికులు సీట్లతో సహా ఆకాశంలోకి కొట్టుకుపోయారు. డెబ్బయి ఏడు సెకన్ల తర్వాత విమానం పారిస్‌కు ఉత్తరాన ఎర్మెనన్‌విల్ అడవిలో పడింది. 346 మంది చనిపోయారు. ఒక్కరూ బతకలేదు.

ఒక తలుపు ఊడితే అంత పెద్ద విమానం ఎందుకు పడిపోవాలి? ఇక్కడే ఫిజిక్సు ఉంది.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుందని మీకు తెలుసు. 36,000 అడుగుల ఎత్తులో బయటి పీడనం మన నేల మీది పీడనంలో నాలుగో వంతు కూడా ఉండదు. అక్కడ మనిషి బతకలేడు కాబట్టి విమానం లోపల పీడనం ఎక్కువగా ఉంచుతారు. అప్పుడు లోపలికీ బయటికీ తేడా సుమారు సగం అట్మాస్ఫియర్ అనుకోండి. ఒక అట్మాస్ఫియర్ అంటే చదరపు మీటరుకు పది టన్నుల బరువు. సగం అంటే అయిదు టన్నులు. మన స్టోర్ రూములో ఉండే యాభై కిలోల బియ్యం బస్తాలు నూరు, ఒక చదరపు మీటరు తలుపు మీద పేర్చినట్టు. తలుపు లోపలివైపుకు తెరుచుకునేదైతే ఈ బలం దానిని ఇంకా గట్టిగా బిగిస్తుంది, సీసాలో లోపలినుంచి బిరడా పెట్టినట్టు. డీసీ-10 సామాన్ల తలుపు బయటికి తెరుచుకునే రకం. కాబట్టి ఆ బరువంతా గొళ్లేల మీద పడుతుంది.

సామాన్ల అర కింద ఉంటుంది, ప్రయాణికుల గది పైన. మధ్యలో నేల పలకలు. తలుపు ఊడగానే కింది అరలోని గాలి ఒక్కసారిగా బయటికి పోయింది. పైగదిలో పీడనం మాత్రం అలాగే ఉంది. ఆ నేల మనుషుల బరువు మోయడానికి కట్టినది గాని, పైనుంచి అంత గాలి తొక్కిడిని ఆపడానికి కట్టినది కాదు. కుంగిపోయింది. తోకలోని చుక్కానులను కదిలించే తీగలు ఆ నేల కిందినుంచే పోతాయి. నేలతోపాటు అవీ పోయాయి. పైలట్ల చేతిలో స్టీరింగ్ ఉంది, దాని మాట వినే తోక లేదు.

ఇక గొళ్లెం ఎందుకు పడలేదు? ఆ రోజు పారిస్‌లో ఆ తలుపు మూసింది సామాన్లు ఎత్తే ఒక కార్మికుడు. ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాలో పుట్టినవాడు. పిడి కిందికి నొక్కాడు, అది మామూలుగానే దిగింది. పైనున్న చిన్న గాలితలుపు మూసుకుంది. తనకు నేర్పినంత వరకు తలుపు పడినట్టే లెక్క. కాని లోపల గొళ్లేలు పూర్తిగా తిరగలేదు. అది చూసుకోవడానికి తలుపు మీద అంగుళమంత చిన్న అద్దపు రంధ్రం ఉంది. అందులోంచి చూడాలని ఆ పక్కనే రాసి ఉంది కూడా. ఇంగ్లీషులో, టర్కీ భాషలో. ఆ కార్మికుడు మూడు భాషలు ధారాళంగా చదవగలడు, రాయగలడు. ఆ మూడింటిలో ఈ రెండూ లేవు. ఆ రంధ్రం దేనికో అతనికి ఎవరూ చెప్పలేదు. అందులోంచి చూడవలసిన సిబ్బంది ఆ రోజు చూసినట్టు దర్యాప్తులో ఆధారం దొరకలేదు.

ప్రమాదం తర్వాత మొదట అందరి వేళ్లూ అతని వైపే తిరిగాయి. చదువురాని కూలివాడు తలుపు సరిగా వేయలేదు, అంతే, కథ ముగిసింది అన్నారు. ముగియలేదు. దర్యాప్తు వెనక్కి వెనక్కి పోయింది.

1970లో, ఆ విమానం ఇంకా ప్రయాణికులను ఎక్కించుకోకముందే, తయారుచేసిన మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీలో నేల మీద పీడన పరీక్ష చేస్తుండగా సామాన్ల తలుపు ఊడి నేల కుంగింది. 1972 జూన్ 12న కెనడాలోని విండ్సర్ దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10కు ఆకాశంలో అచ్చంగా ఇదే జరిగింది. తలుపు పోయింది, నేల కుంగింది. కాని ఆ రోజు ప్రయాణికులు తక్కువ, తీగలు పూర్తిగా తెగలేదు. కెప్టెన్ మెక్‌కార్మిక్ నేర్పుతో దించాడు. 67 మందీ బతికారు. పదిహేను రోజుల తర్వాత, జూన్ 27న, విమానం నడుము భాగం తయారుచేసే కన్వేర్ కంపెనీ ఇంజనీరు డాన్ యాపిల్‌గేట్ తన పైవాళ్లకు ఒక లేఖ రాశాడు. ఈ తలుపులు ముందు ముందు మళ్లీ ఊడతాయని, అప్పుడు విమానమే పోతుందని అందులో హెచ్చరించాడు. సరిచేసే ఖర్చు ఎవరు భరించాలన్న మీమాంసలో ఆ లేఖ ఫైల్లోనే ఉండిపోయింది.

అమెరికా విమానయాన శాఖ తప్పనిసరి ఆదేశం జారీ చేయవలసింది. అలా చేయకుండా, శాఖ అధిపతి, కంపెనీ అధ్యక్షుడు ఫోనులో మాట్లాడుకొని, కంపెనీయే మెల్లగా సరిచేసుకునేటట్టు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. (పెద్దమనుషుల ఒప్పందం అంటే ఏమవుతుందో 1956 నుంచి మనకూ కొంచెం తెలుసు.) పిడిని బలవంతంగా నొక్కినా దిగకుండా ఒక ఆధార పలక బిగించాలన్నారు. చూసుకునే రంధ్రం పెట్టారు. టర్కీకి పోయిన ఈ విమానానికి ఆ పలక బిగించినట్టు ఫ్యాక్టరీ రికార్డుల్లో ముద్రలతో సహా ఉంది. శకలాల్లో వెతికితే పలక లేదు. పైగా గొళ్లెపు పిన్నుల సర్దుబాటు తప్పుగా ఉంది. అందుకే పిడి అంత సులభంగా దిగింది. ఆ కార్మికుడికి అనుమానం రాకపోవడానికి కారణం అతని అజ్ఞానం కాదు, అనుమానించడానికి అక్కడ ఏమీ మిగలకపోవడం.

ఇది చదివినప్పుడల్లా నాకొకటి గుర్తుకొస్తుంది. నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, ఇంకో ఊరి హాస్టల్లో ఉండగా, తెల్లవారుజామున నీళ్ల మోటారు వేసే డ్యూటీ నాది. ఒకరోజు మోటారు కాలిపోయింది. వారం రోజులు అందరూ బిందెలతో చేతిపంపు దగ్గరకు నడిచారు. ఆ వారమంతా నేను తల ఎత్తలేదు. స్టార్టరు నొక్కింది నేనే కదా. తర్వాత వైండింగ్ చేసే మేస్త్రీ వచ్చి పెట్టె విప్పి, ఫ్యూజులో సన్నతీగ ఉండవలసిన చోట లావుపాటి రాగితీగ మడిచి కట్టి ఉందని చూపించాడు. ఎప్పుడో ఎవరో మాటిమాటికి ఫ్యూజు పోతోందని కట్టారట. లైన్లో వోల్టేజీ తక్కువ. ఆ రోజు నేను కాకపోతే మర్నాడు ఇంకొకడు. ఆ మేస్త్రీకి బీఈఏ అంటే ఏమిటో తెలియదు, కాని పద్ధతి అదే.

ఎర్మెనన్‌విల్ తర్వాత ఆదేశాలు వచ్చాయి. తలుపు గొళ్లేలను మార్చారు. పైగదికీ కింది అరకూ మధ్య గాలి పోయే దారులు పెంచారు, నేలను గట్టిచేశారు. 346 మంది పోయాక.

ఒక సిగరెట్టు

దీనిని త్వరగా చెప్పి ముందుకు పోతాను. 1973 జులై 11న బ్రెజిల్ దేశపు వరిగ్ సంస్థ విమానం పారిస్ ఓర్లీ విమానాశ్రయానికి అయిదు కిలోమీటర్ల దూరంలో పొలంలో దిగింది. టాయిలెట్ చెత్తడబ్బాలో మంట లేచి లోపలంతా పొగ నిండింది. 134 మందిలో 123 మంది పోయారు, ఎక్కువమంది పొగ వల్లనే. ఎవరో ఆర్పకుండా పడేసిన సిగరెట్టే కారణమై ఉండవచ్చని తేలింది. ఇప్పుడు విమానాల్లో పొగతాగడం పూర్తిగా నిషేధం. అయినా టాయిలెట్ తలుపు దగ్గర బూడిదపెట్టె తప్పనిసరిగా ఉంటుంది. ఎందుకంటే నిషేధాన్ని మీరేవాడు ఒకడు ఉంటే, వాడు ఆ పీకను చెత్తడబ్బాలో వేయకూడదు. మనిషి నియమం తప్పుతాడని ముందే లెక్క వేసుకొని పెట్టిన పెట్టె అది.

ముప్పయి మూడు అంటే ఎంత?

1992 జనవరి 20 సాయంత్రం ఎయిర్ ఇంటర్ సంస్థ ఎయిర్‌బస్ ఎ320 విమానం లియోన్ నుంచి స్ట్రాస్‌బర్గ్ వస్తోంది. చలికాలపు చీకటి, మబ్బు. దిగడానికి సిద్ధమవుతూ మాంట్ సెంట్ ఒడీల్ కొండల్లో గుద్దుకుంది. 96 మందిలో 87 మంది చనిపోయారు. తొమ్మిది మంది బతికారు. సహాయం చేరేదాకా నాలుగు గంటలకు పైగా మంచులో ఉన్నారు.

ఆ విమానంలో కిందికి దిగే తీరును ఒక మరతో నిర్ణయిస్తారు. అదే మరతో రెండు రకాలుగా చెప్పవచ్చు. ఒకటి, "ఇన్ని డిగ్రీల వాలులో దిగు" అని. రెండోది, "నిమిషానికి ఇన్ని అడుగుల చొప్పున దిగు" అని. ఏ రకమో మార్చడానికి ఒక బొత్తాం ఉంది. పైలట్లకు కావలసింది 3.3 డిగ్రీల వాలు. మొదటి రకంలో తెర మీద 3.3 అని పడుతుంది. రెండో రకంలో ఉంటే, తెర మీద 33 అని రెండంకెలే పడతాయి. దాని అర్థం నిమిషానికి 3,300 అడుగులు. 3.3 డిగ్రీలైతే ఆ వేగంలో నిమిషానికి సుమారు 800 అడుగులే దిగాలి. అంటే నాలుగు రెట్ల వేగంతో కిందికి పోయారు. పైలట్లు బొత్తాం ఏ రకంలో ఉందో గమనించకుండా అంకె తిప్పి ఉంటారన్నది దర్యాప్తులో బలంగా నిలిచిన ఊహ. మధ్యలో ఒక చుక్క, అంతే తేడా. లెక్కల పరీక్షలో దశాంశ బిందువు మరిచిపోతే అర మార్కు పోతుందని మీకు చెబుతుంటాను.

నేల దగ్గరకు వస్తోందని అరిచి హెచ్చరించే యంత్రం ఆ విమానంలో లేదు. అప్పటి ఫ్రాన్సు నియమాలు దానిని తప్పనిసరి చేయలేదు. ఆ సంస్థ విమానాలు తక్కువ ఎత్తులో వేగంగా పోతుంటాయి కాబట్టి అది ఊరికే అరుస్తుందని పెట్టుకోలేదు. తర్వాత పెట్టారు. తెర మీద కూడా రెండో రకంలో ఇప్పుడు నాలుగు అంకెలూ, 3300 అని, పూర్తిగా పడేట్టు మార్చారు.

పైలట్ల పొరపాటు అని రాసి ఫైలు మూసేసి ఉంటే ఆ రెండు సున్నాలు ఎన్నటికీ వచ్చేవి కావు.

కాంకార్డ్

కాంకార్డ్ గురించి తెలియనివారు ఉండరు. శబ్దం కంటే రెట్టింపు వేగంతో పోయే విమానం. 2000 జులై 25న పారిస్ నుంచి న్యూయార్క్‌కు బయలుదేరి, రన్‌వే మీద ఉండగానే మంటలు అంటుకొని, గాలిలోకి లేచిన ఒకటిన్నర నిమిషంలోపే గోనెస్ అనే ఊళ్లో ఒక హోటల్ మీద పడింది. విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు, మొత్తం 113 మంది మరణించారు. ప్రయాణికులు ఎక్కువగా ఓడ విహారానికి బయలుదేరిన జర్మన్లు.

అయిదు నిమిషాల ముందు అదే రన్‌వే మీదినుంచి అమెరికాకు చెందిన కాంటినెంటల్ సంస్థ డీసీ-10 ఎగిరింది. దాని నుంచి దాదాపు 43 సెంటీమీటర్ల పొడవున్న టైటానియం పట్టీ ఒకటి రాలిపడింది. మీ స్కేలు కంటే కొంచెం పొడవు. కాంకార్డ్ టైరు దాని మీదికి ఎక్కి చీలింది. నాలుగున్నర కిలోల రబ్బరు ముక్క ఎగిరి రెక్క అడుగున ఉన్న ఇంధన ట్యాంకుకు తగిలింది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఆ ముక్క ట్యాంకును పొడుచుకొని లోపలికి పోలేదు. ట్యాంకు లోపలినుంచి బయటికి పగిలింది. అదెలా? ట్యాంకు నిండుగా ఉంది. ద్రవాన్ని నొక్కితే అది కుంచించుకోదని పాస్కల్ నియమం దగ్గర చదువుకున్నారు. ఒకచోట తగిలిన దెబ్బ ద్రవంలో అలగా పరుగెత్తి ఇంకోచోట గోడను బద్దలు చేసింది. నిండు సీసా మూతి మీద అరచేత్తో గట్టిగా కొడితే అడుగు ఊడిపోవడం కొందరు చూసే ఉంటారు. (హాస్టల్లో చేయవద్దు.) కారిన ఇంధనానికి నిప్పు అంటుకుంది, ఇంజన్ల బలం తగ్గింది.

కాంకార్డ్ టైర్లు పేలడం కొత్త కాదు. 1979లోనే వాషింగ్టన్‌లో టైరు పేలి ముక్కలు ట్యాంకుకు, ఇంజన్లకు తగిలాయి. కొన్ని మార్పులు చేశారు. చాలుతుందనుకున్నారు. 2000 తర్వాత ట్యాంకులకు కెవ్లార్ పొరలు, కొత్త రకం టైర్లు పెట్టి 2001 నవంబర్‌లో మళ్లీ ఎగరవేశారు. 2003లో కాంకార్డ్ శాశ్వతంగా ఆగిపోయింది.

కోర్టు సంగతి కూడా చెప్పాలి. 2010లో ఫ్రెంచి కోర్టు కాంటినెంటల్ సంస్థను, ఆ పట్టీని బిగించిన మెకానిక్‌ను దోషులన్నది. 2012లో పైకోర్టు ఆ నేరనిర్ధారణలను కొట్టివేసింది. ఒక పట్టీ సరిగా బిగించనివాడు, అది ఇంకో విమానం టైరును, ఆ టైరు ట్యాంకును పగలగొడుతుందని ఊహించగలడా? ఈ ప్రశ్న మీద మీ వక్తృత్వపు పోటీ ఒకటి పెట్టుకోండి, రెండువైపులా వాదనలు ఉన్నాయి.

సముద్రంలోకి

చివరిది 2009 జూన్ 1న జరిగింది. ఎయిర్ ఫ్రాన్స్ 447. రియో డి జెనీరో నుంచి పారిస్. అట్లాంటిక్ మహాసముద్రం మీద అర్ధరాత్రి దాటాక మాయమైంది. 228 మంది. బ్లాక్ బాక్స్‌లు (పేరుకే నలుపు, రంగు నారింజ) రెండేళ్ల తర్వాత, 2011లో, సుమారు 3,900 మీటర్ల లోతున సముద్రపు అడుగున దొరికాయి. అప్పుడుగాని విషయం తెలియలేదు.

విమానం వేగం కొలిచేది పిటో గొట్టం. ముందుకు తెరిచిన సన్నటి గొట్టం, ఎదురొచ్చే గాలి అందులో ఎంత ఒత్తిడి కలిగిస్తుందో చూసి వేగం లెక్కిస్తారు. తుఫాను మబ్బుల్లో మంచు స్ఫటికాలు ఆ గొట్టాలను మూసేశాయి. ఒక్క నిమిషంకంటే తక్కువ సేపే. వేగం అంకెలు తప్పడంతో ఆటోపైలట్ తనంతట తాను తప్పుకుంది. కెప్టెన్ అప్పుడు విశ్రాంతికి వెళ్లి ఉన్నారు. ఇద్దరు సహ పైలట్లు. నడుపుతున్నాయన విమానం ముక్కును పైకి లేపారు, లేపుతూనే ఉన్నారు.

ఇక్కడ స్టాల్ అంటే చెప్పాలి. టేబుల్ ఫ్యాను ముందు ఒక అట్టముక్కను కొద్దిగా వాలుగా పట్టుకోండి. గాలి దానిని పైకి లేపుతుంది. వాలు పెంచండి, ఇంకా లేపుతుంది. కాని ఒక హద్దు దాటాక గాలి అట్ట పైభాగాన్ని అంటుకొని పోవడం మానేసి సుడులు తిరుగుతుంది. అప్పుడు పైకెత్తే బలం తగ్గిపోతుంది, వెనక్కి నెట్టే బలం మాత్రం పెరుగుతుంది. రెక్కకు జరిగేది అదే. దానికి మందు ముక్కు దించడం. పడిపోతున్నవాడు ముక్కు దించాలంటే మనసు ఒప్పుకోదు, అందుకే శిక్షణ కావాలి. విమానం సుమారు 38,000 అడుగులదాకా లేచి, అక్కడినుంచి మూడున్నర నిమిషాలపాటు, ఇంజన్లు తిరుగుతూ ఉండగానే, రాయిలా పడింది.

స్టాల్ హెచ్చరిక మోగలేదా అంటే మోగింది. కాని అందులో ఇంకో చిక్కు ఉంది. నమోదైన వేగం 60 నాట్ల కంటే తగ్గితే ఆ కొలత నమ్మదగినది కాదని హెచ్చరిక ఆగిపోయేట్టు ఏర్పాటు చేశారు. అంటే పరిస్థితి మరీ చెడినప్పుడు మోత ఆగింది. పైలట్ సరైన పని, అంటే ముక్కు కొంచెం దించడం, చేసినప్పుడు కొలత మళ్లీ నమ్మదగినదై మోత మొదలైంది. సరిగా చేస్తే దెబ్బ, తప్పు చేస్తే నిశ్శబ్దం. చీకట్లో, సముద్రం మీద, అంకెలన్నీ గందరగోళంగా ఉన్నప్పుడు. పైగా ఎయిర్‌బస్‌లో ఇద్దరి చేతికర్రలూ వేరువేరుగా కదులుతాయి. ఒకరు ఎంత వెనక్కి లాగుతున్నారో పక్కనున్నవారికి చేతికి తెలియదు. కెప్టెన్ ఒకటిన్నర నిమిషం తర్వాత లోపలికి వచ్చారు. అప్పటికే విమానం పడుతోంది. విషయం ఏమిటో ముగ్గురికీ అందలేదు.

పిటో గొట్టాలు ఇలా మూసుకుపోవడం అంతకుముందు కూడా జరిగింది. వాటిని మార్చే పని ఆ సంస్థ అప్పటికే మొదలుపెట్టింది. ఈ విమానం వంతు రాలేదు. 2023లో పారిస్ కోర్టు విమాన సంస్థనూ తయారీదారునూ నిర్దోషులన్నది. నిర్లక్ష్యాలు ఉన్నాయి గాని, అవే కచ్చితంగా ప్రమాదానికి కారణమని రుజువు కాలేదన్నది. దాని మీద అప్పీలు కూడా నడిచింది.

దర్యాప్తు మాత్రం తన దారిన తాను 2012లోనే నివేదిక ఇచ్చింది. ప్రమాదం తర్వాత ఆ రకం పిటో గొట్టాలను తీసేశారు. ఎత్తులో వేగం అంకెలు పోతే ఏం చేయాలో, స్టాల్ నుంచి ఎలా బయటపడాలో పైలట్లకు తిరిగి నేర్పడం మొదలైంది. సముద్రంలో పడిన బ్లాక్ బాక్స్ "ఇక్కడున్నాను" అని చప్పుడు చేసే చిన్న పరికరం అంతకుముందు 30 రోజులే పనిచేసేది. ఇప్పుడు 90 రోజులు మోగుతుంది.